సగం పరాయి రక్తం

“గుండు కొట్టించుకొనేదానికి తీరిక దొరికింది గానీ, నాకు రవంత మూలుగ ఇచ్చేదానికి మనసు రాలేదా మే?”

ఆస్పత్రి వరండాలో మునిచంద్ర గొంతు లేచింది. ఎదురుగా చెల్లెలు లోహిత, నున్నటి తల మీదికి కొంగు లాక్కుంటూ నిలబడింది. తిరుపతిలో గుండును వింతగా చూసేవాళ్లెవరు? అటుగా పోతున్న ముసలామె ఒకతె “దర్శనం బాగా అయిందా అమ్మా?” అని పలకరించి మరీ పోయింది.

మునిచంద్రది రక్త క్యాన్సర్. పోయినేడు అన్న రామచంద్ర ఎముక మూలుగ ఎక్కించారు. అచ్చంగా కలిసిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఏడాది తిరక్కుండానే జబ్బు తిరగబెట్టింది.

“జబ్బు కణాలను చంపే కణాలు రక్తంలో ఉంటాయి. మీ అన్నవి మీకు పూర్తిగా కలిశాయి కాబట్టి, జబ్బును కూడా మనవాళ్లే అనుకుని వదిలేశాయి,” అంది డాక్టర్ పెరుందేవి. “సగం కలిసి, సగం పరాయివైతే మొహమాటపడవు. అలాంటివి మీ చెల్లెలివే.”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే కాబోలు అనుకున్నాడు మునిచంద్ర. అలా సగం కలిసేదానికి అమ్మానాయన లేరు, పిల్లల్లేరు. ఇక దిక్కు చెల్లెలే.

“పానమడిగినా ఇస్తాను అన్నా,” అన్న మనిషి, మిగతా పరీక్షలు కాగానే అత్తగారి ఊరు ఐరాల వెళ్లిపోయి ఫోనెత్తడం మానేసింది. మళ్లీ కనబడటం ఇదే.

“భయమేసిందన్నా. మా ఇంట్లో వద్దన్నారు.”

“కాణిపాకం తిరనాళ్లకు నిన్ను భుజాన మోసింది ఎవురు? మీ ఇంట్లోవాళ్లా?”

లోహిత జారిన కొంగును మళ్లీ తల మీదికి లాక్కుంది.

“ఇంతకీ ఏం మొక్కుకున్న్యావు?”

“నువ్వు బాగుండాలని.”

“దేవునికి జుట్టిచ్చి, నాకు చెయ్యిచ్చినావు. పో. నేను పోయినాక కూడా నా గడప తొక్కొద్దు.”

ఆమె తలూపి వెళ్లిపోయింది. పరాయివాళ్లు చేస్తే సరిపెట్టుకోవచ్చు. తోడబుట్టిందే ఇంత పని చేసింది, అనుకుంటూ మునిచంద్ర నేరుగా డాక్టర్ గదికి నడిచాడు.

డాక్టర్‌తో మొరపెట్టుకుంటే, “ఆమెను ఏమీ అనకండి. వేరే దాత కోసం చూస్తున్నాం,” అంది. ఈమె కూడా దానివైపే, అనుకున్నాడు కసిగా.

రెండు గంటల తర్వాత నర్సు నిస్సీ వచ్చింది.

“కీమో గదిలో మగవాళ్ల మంచాలు నిండిపోయినాయన్నా. ఈ పూటకు ఆడవాళ్ల వైపు మందు ఎక్కించుకోండి.”

ఆమె వెనకే నడిచి, తెర పక్కకు జరిపాడు.

మొదటి మంచం మీద, చేతికి మందు ఎక్కుతుండగా, లోహిత నిద్రపోతోంది.