బంగినపల్లి ఫైలు

"ఇంకా ఎన్నున్నాయే?" గంప పట్టుకున్న అత్తగారు గోవిందమ్మ అడిగింది.

"ఇవే ఆఖరివి, అత్తయ్యా," అంటూ పీట మీద నిలబడి హైమవతి గబగబా పచ్చికాయలు తెంపింది. పాప బారసాలనాడు నాటిన బంగినపల్లి అంటుమామిడికి ఈ ఏడే తొలికాపు.

అప్పుడే తాలూకా కచేరీ నుంచి వచ్చిన భర్త బసవపున్నారావు నోరెళ్లబెట్టాడు. "టెంకైనా ముదరలేదు. ఏంటీ పని?"

"మీరు తెలుగులో రాస్తున్న ఫైలు చదివానండీ. బంగినపల్లిని సర్కారు కలిపేసుకుందిగా! లెవీ పేరుతో వడ్లు తోలుకుపోయినట్టు వీటినీ తోలుకుపోతే, పాపకి ఒక్క పండైనా దక్కదని..."

బసవపున్నారావు పడీ పడీ నవ్వాడు. "పిచ్చిదానా! అది కాయ కాదే, ఊరు. నవాబు ఏలిన సంస్థానం. ఒడంబడిక మీద సంతకం పెట్టి, రాజ్యాన్ని మన దేశంలో కలిపేశాడు."

"అయిదో తరగతి చదువు మరి!" అంటూ అత్తగారూ నవ్వింది.

హైమవతి గంపలోకి చూసింది. పాపకి దక్కాలని కోసిన కాయలు ఇక పాపకి పండవు. మెల్లగా అడిగింది.

"ఆ నవాబు ఇష్టపడే ఇచ్చాడంటారా? లాక్కుంటారేమోనని నాలాగే తొందరపడ్డాడా?"

బసవపున్నారావు నవ్వు ఆగిపోయింది. గంపలోంచి ఒక కాయ తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ ముక్క ఫైల్లో లేదే," అన్నాడు.