కనబడలేదంటే

"ఈసారీ కనబడలేదు పెద్దమ్మా," అంటూ ల్యాబు కెమిస్టు పరీక్ష కాగితం బల్ల మీద పెట్టింది.

నాలుగోసారి అదే మాట. ముసలావిడ కాగితం ముట్టుకోలేదు. సంచిలోంచి ఇంకో సీసా తీసింది. అదే బోరు నీళ్లు.

"ఉంది తల్లీ. ఆర్సెనిక్ అంటారే, ఆ విషం. ఇంకొక్కసారి చూడు."

ఆమె కొడుకు పోయి ఆరు నెలలైంది. జుట్టులో ఆర్సెనిక్ ఉందని ఆసుపత్రివాళ్లు రాసిచ్చారు. ఎవరో విషం పెట్టారని పోలీసులు కేసు కట్టారు. అప్పట్నుంచీ ఈవిడ ల్యాబు చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఆమె అటు వెళ్లగానే గుమాస్తా గొణిగాడు.

"ఎవరి మెడకో ఉచ్చు బిగించేదాకా ఈ మామ్మ నిద్రపోయేట్టు లేదు. రేపు తనే నీళ్లలో ఏదో కలిపి తెచ్చినా తెస్తుంది."

కెమిస్టు సీసాకు చీటీ అంటించింది. పొద్దున్నుంచి నలభై శాంపిళ్లు. నడుము పట్టేసింది, కళ్లు మండుతున్నాయి. అయినా సీసా అందుకుంటున్నప్పుడు చూసిన ఆ అరచేతులు మనసులోంచి పోవడం లేదు. చర్మం మొద్దుబారి, ఆవగింజలంత బొడిపెలు. ఏళ్ల తరబడి ఆర్సెనిక్ ఒంట్లో చేరితే అలాగే అవుతుందని ఎప్పుడో చదివింది.

మంటతో పనిచేసే ఈ పాత యంత్రానికి లీటరుకు నూట యాభై మైక్రోగ్రాములు దాటితేగానీ ఆర్సెనిక్ ఆనదు. తాగే నీళ్లలోనేమో పది దాటకూడదు. ఈ రెంటికీ మధ్య ఎంతున్నా కాగితం మీద పడే మాట ఒక్కటే. కనబడలేదు.

మర్నాడు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, తనే వెళ్లి ఆ బోరు నీళ్లు పట్టి సీసాకు సీలు వేసింది. ఒక్క బొట్టును గ్రాఫైటు గొట్టంలో కాల్చి, అతి తక్కువ మోతాదునైనా పసిగట్టే యంత్రం పెద్ద ల్యాబులో ఉంది. అక్కడి స్నేహితురాలిని బతిమాలి వరసలో చోటు సంపాదించింది. మూడు వారాలకు ఫలితం వచ్చింది.

తొంభై రెండు.

"మీరన్నదే నిజం పెద్దమ్మా. ఎన్నేళ్లుగా తాగుతున్నారు ఈ నీళ్లు?"

"పాతికేళ్లు."

"ఇక చుక్క కూడా ముట్టుకోకండి. ముందు ఆ చేతులు డాక్టరుకు చూపించుకోండి."

"నా సంగతికేం తల్లీ, తర్వాత చూద్దాం. సంతకం, ముద్ర సరిగ్గా పడ్డాయా?"

"పడ్డాయి."

ముసలావిడ ఆ ముద్రను వేలితో రెండుసార్లు తడిమి చూసుకుంది. గుమాస్తా కుర్చీలోంచే అడిగాడు.

"ఇంతకీ ఆ బోరు వేయించిందెవరు మామ్మా?"

"నేనే నాయనా."

గుమాస్తా కుర్చీలోంచి లేచాడు.

"మరి ఈ కాగితంతో ఎవర్ని జైలుకు పంపుతారు?"

ముసలావిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో బిగించుకుంది.

"జైల్లో ఉన్న మా కోడల్ని ఇంటికి తెచ్చుకోవాలి."