రెజీనాకు జామకాయలు

"బస్సు రోడ్డు మీద పోదాం, సాఫుగ ఉంటది," అన్నాడు శాంతిరాజ్.

"వద్దు బావా. పెండ్లిగాక ముందు పంతులమ్మగ ఖని పట్నంల బడికి రోజూ గదే రోడ్డు మీద బస్సుల వచ్చి పోయిన. చూసి చూసి యాష్టకొచ్చింది. గోదారి గట్టు మీదికెళ్లి పోదాం," అంది సారిక.

గట్టు పేరెత్తగానే శాంతిరాజ్ కాస్త నసిగాడు. ఎండ అన్నాడు, దుమ్ము అన్నాడు. కానీ పెళ్లయి ఇంకా నెల నిండలేదు. ఆమె మాటే నెగ్గింది.

ఆదివారం. అతనికి బొగ్గు బావిలో డ్యూటీ లేదు. చర్చిలో పొద్దుటి ఆరాధన కాగానే షికారుకని చెరో సైకిలెక్కి గట్టు పట్టారు. ఎత్తూ పల్లం తెలియని నేల. ఒక పక్క నది, ఇంకో పక్క అప్పుడే నాట్లేసిన మళ్లు. తొక్కీ తొక్కనట్టు తొక్కినా సైకిళ్లు వాటంతటవే పోతున్నాయి. కొంగ లేస్తే సారిక నవ్వింది. బర్రె అడ్డమొస్తే నవ్వింది. శాంతిరాజ్ ఉత్తపుణ్యానికి గంట కొడితే దానికీ నవ్వింది. పెళ్లికి ముందు ఏ సెలవు దొరికినా అతను ఒంటరిగా తిరిగిన తోవ ఇది. ఇకమీద ఇది ఇద్దరిదీ అనుకుంటే ఆమెకు ఒళ్లంతా తేలికైపోయింది.

పంపుహౌసు పక్కన ఐలవ్వ చాయ్ గుడిసె. ముసలామె శాంతిరాజ్‌ను చూసి ముఖమంతా విప్పార్చుకుంది. తర్వాత సారికను కిందికీ మీదికీ చూసింది.

"రెజీనా మంచిగున్నదా బిడ్డా? గీ పిల్లెవలు?"

శాంతిరాజ్‌కు చాయ్ పొలమారింది.

"మావోళ్లే అవ్వా," అన్నాడు.

మావోళ్లే! పాస్టరు ముందు, చర్చి నిండా జనం ముందు చేయి పట్టుకున్న పెళ్లాం, మావోళ్లే. సారిక వేలి ఉంగరాన్ని గిర్రున తిప్పింది. మనసు కుదురుగా లేనప్పుడు ఉంగరం తిప్పడం ఆమెకు ఏళ్లనాటి అలవాటు.

ఐలవ్వ ఊరుకోలేదు. రెజీనా కొత్తగూడెం దవాఖానలో నర్సట. మొగుడు సైకిలేసుకొని ఎంతసేపు తిరిగినా ఒక్క మాట అనదట. ఇక ఆమె మటన్ వండితే గిన్నె కడగాల్సిన పని ఉండదట. నిన్న తాను మాడబెట్టిన మటన్ సారికకు గుర్తొచ్చింది. నోరెత్తకుండా తిన్నాడు. ప్రేమనుకుంది. ఎవరి చేతి వంటను తలుచుకుంటూ తిన్నాడో!

సైకిలెక్కాక ఒక్కటే అడిగింది.

"ఎవలామె?"

"ఇంటికి పోయినంక చెప్త," అన్నాడు.

ఆ తర్వాత కొంగలు లేచాయి గానీ సారిక నవ్వలేదు. పొద్దుటి నుంచి బావా బావా అన్న నోరు మూతపడింది. తెలియకుండానే వేగం పెంచింది. కళ్ల ముందు తెల్లచీర కట్టుకొని, చల్లగా నవ్వుతూ, ఎన్నడూ కూర మాడ్చని రెజీనా. ఆమె ముక్కు వంకరగా ఉంటే బాగుండనిపించింది.

మలుపులో జామతోట. పోశం అనే తోట మనిషి ఎదురొచ్చి సైకిళ్లు ఆపాడు. వద్దంటున్నా సంచి నింపి శాంతిరాజ్ హ్యాండిల్‌కు తగిలించాడు.

"వదినకు జామకాయలంటే పానమంటివి గదనే. అన్నీ నువ్వే మెక్కకు, రెజీనమ్మకు ఇయ్యి." సారిక వైపు తిరిగి ఒక కాయ అందించాడు. "నీ చెల్లెనా అన్నా?"

శాంతిరాజ్ సంచిలో జామకాయలు లెక్కపెట్టే పనిలో పడ్డాడు.

సారికకు కోపం ముంచుకొచ్చింది. సైకిల్ తిప్పి పొలాల మధ్య నుంచి బస్సు రోడ్డుకేసి తొక్కింది. పెద్దపల్లిలో తల్లిగారిల్లు. పోయిందంటే మళ్లీ రాదు.

బస్టాపు దగ్గర అతను అందుకున్నాడు. జామకాయలు సగం దారిలోనే రాలిపోయాయి.

"సారికా, రెజీనా లేదు. ఎన్నడు లేదు. నేనే పుట్టించిన."

ఒగరుస్తూనే అంతా చెప్పుకొచ్చాడు. కంపెనీ నౌకరీ వచ్చిన నాటి నుంచి గట్టు మీద ఎక్కడ సైకిలాపినా ఎవరో ఒకరు తమ బిడ్డనో, అక్క బిడ్డనో చేసుకొమ్మనేవారట. చాయ్ చల్లారేలోపు సంబంధం ఖాయం చేసేటట్టున్నారని, ఒకనాడు పెళ్లయిందనేశాడట. పేరేమిటంటే రెజీనా అన్నాడు. ఎక్కడుందంటే కొత్తగూడెం అన్నాడు. ఆ తర్వాత ఆమె తనంతట తానే వంట నేర్చింది, జామకాయలు అడగడం మొదలుపెట్టింది. అబద్ధమాడానని ఇవాళ ఆ ముసలామె ముందు ఒప్పుకోలేకపోయాడు. పొద్దున గట్టు వద్దన్నది అందుకే.

సారిక కరగలేదు.

"లేని మనిషికి పేరు పెట్టి, నౌకరి పెట్టి, ఊరు పెట్టి ఎవలన్న గంత ముచ్చట అల్లుతరా? నమ్మేటట్టు చెప్పు."

ఆ మాట అంటున్నప్పుడు ఎందుకో ఆమె గొంతు కొంచెం తగ్గింది.

"నమ్మకుంటే ఇప్పుడే ఐలవ్వ దగ్గరికి పోదాం. నా పెండ్లాం నువ్వేనని నీ ముందటనే చెప్త," అన్నాడు శాంతిరాజ్.

అప్పుడే పెద్దపల్లి బస్సు వచ్చి ఆగింది. ఎక్కబోయిన సారిక, తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరు సంతోషిని చూసి చటుక్కున ముఖం తిప్పుకుంది. కానీ రోజూ చూసిన ముఖాన్ని సంతోషి మరిచిపోతుందా!

"మా తమ్మునికి అడుగుదామంటే పెండ్లయిందని ఉంగరం చూపెడితివి గద మేడం, మస్కట్ల క్రేన్ నడిపే మీ ఇమ్మాన్యుయేల్ సారు గీయననేనా?"