దర్శిలో చావులు

“ముందుకొచ్చి నా పక్కన కూర్చో. ఇక్కడ మనల్ని ఎరిగినోళ్లు ఎవరున్నారు?” అన్నాడు నాగేశ్వర్లు, గూడుబండి తోలుతూ.

కామేశ్వరి నవ్వుతూ జరిగింది. సరదాకు పోతామంటే అత్త బండి చక్రాలు ఊడదీసేదే. అందుకే పిల్లల కోసం కొండదేవుడికి మొక్కుందని అబద్ధం చెప్పి, మొగుడూ పెళ్లాలు కంభం చెరువు చూడ్డానికి బయల్దేరారు. అత్తమామలు కూడా పొద్దున్నే బొగ్గుతో నడిచే బస్సెక్కి, దర్శిలో చావు పరామర్శకని పోవడం కలిసొచ్చింది.

బండి మలుపు తిరిగింది. నల్లమల కొండలు చెరువు నీళ్లలో తలకిందులుగా కనిపించాయి. కట్ట మీద ఒక ముసలాయన సీతాఫలం విప్పి, గింజ తీసి, గుజ్జు పక్కనున్నావిడ నోట్లో పెడుతున్నాడు.

“ముసలోళ్ల సరసం చూడండి!” అంది కామేశ్వరి.

నాగేశ్వర్లు పగ్గం బిగబట్టాడు. “వాళ్లు మా అమ్మా నాయనే!”

ఇంట్లో మామ అత్తతో మాట్లాడేది పులుసులో ఉప్పు చాలనప్పుడే.

అత్త పండు మింగి గొంతు సవరించుకుంది. “మొక్కు తీరిందా?”

“ఇంకా తీరలేదు. దర్శిలో ఎవరమ్మా పోయింది?” అన్నాడు నాగేశ్వర్లు.

“ఎవరో ఒకరు పోతానే ఉంటారులే.”

తను కాపురానికొచ్చినప్పటి నుంచీ చుట్టాలంతా దర్శిలోనే ఎందుకు చచ్చిపోతున్నారో కామేశ్వరికి అప్పుడు అర్థమైంది.

మామ ఇంకో పండు తీసి కొడుకు చేతిలో పెట్టాడు.

“గింజ తీసి పెట్టాలరా, ఊరికే చేతికియ్యడం కాదు. ఆ చివరికి పొండి. మేం పొద్దుగూకేదాకా దర్శిలో ఏడ్వాల.”