ఇరవై రెండున హాలు ఖాళీ లేదు

"ఇరవై రెండున ఫైనల్ సార్. మాకు హాలు కావాలె," అంది పావని, ఉత్తరం బల్ల మీద పెడుతూ.

గద్వాల ఐస్ హాకీ స్టేడియం మేనేజర్ మహేందర్ బుకింగ్ పుస్తకం తిప్పాడు. "ఆ దినం శాంతయ్య ఇంట్ల పెండ్లి గదమ్మా."

"తెలుసు సార్. వాయిదా ఏస్కోమని చెప్పుండ్రి."

మహేందర్ ఆమెను వింతగా చూశాడు. "గా ముచ్చట నేనెట్ల చెప్త? నువ్వే పోయి అడుగు."

పాలమూరు ఎండల్లో మంచు మీద హాకీ ఏమిటని అడక్కండి. ఎక్కడో మిగిలిపోయిన నిధులు ఇక్కడికి కొట్టుకొచ్చాయి. కట్టినవాళ్లు ఆట కోసమే కట్టారు. కానీ మన దగ్గర పైకప్పున్న ప్రతి కట్టడమూ ఏదో ఒకనాటికి ఫంక్షన్ హాలవుతుంది. ఇదేమో చల్లటిది కూడానాయె! మంచు మీద చెక్కలు పరిచి తివాచీలు వేస్తే ఎనిమిది వందల మంది పడతారు. తప్పు చేసిన ఆటగాళ్లను కూర్చోబెట్టే గాజు గదిలో వియ్యాలవారి పెద్దలు కూర్చుంటారు. మంచును నున్నగా చేసే బండి మీద వరుణ్ణి ఊరేగిస్తారు. పెళ్లిళ్లు లేని రోజుల్లో ముసలివాళ్లు గొంగళ్లు కప్పుకొని పేకాడతారు. ఇవన్నీ పోగా మిగిలిన సమయంలో, అంటే పొద్దున ఐదు నుంచి ఆరు దాకా, అమ్మాయిల జట్టు హాకీ ఆడుతుంది.

పావని ఆ జట్టుకు గోల్‌కీపర్. ఆరేళ్ల సాధన. ఫైనల్లో వనపర్తిని ఓడిస్తే రాష్ట్ర పోటీలకు పోతారు. హాలు చూపించలేకపోతే ఆడకుండానే వనపర్తి గెలిచినట్టు. జిల్లాలో ఇంకెక్కడా ఆడేంత మంచు లేదు. ఉన్నదంతా సోడా బండ్లలో ఉంది.

శాంతయ్య అరుగు మీద కూర్చుని పెళ్లి పత్రికల మీద పేర్లు రాస్తున్నాడు.

"జర ఆగు అయ్యా," అంది పావని. "ఇరవై రెండున మా మ్యాచ్ వడ్డది."

"పెండ్లి ఒక్కపారే అయితది బిడ్డా. ఆట మల్లొచ్చే ఏడు ఆడుకోరాదు?"

"మల్లొచ్చే ఏటికి నేనేడుంటనో! ఇదే నా ఆఖరి మ్యాచేమో. పెండ్లి చర్చిల చేయరాదు?"

"చర్చిల ఉన్నయే రెండు ఫ్యాన్లు. చల్లటి హాలుంటెనే వస్తమన్నరు పెండ్లికొడుకు తరపోళ్లు. వనపర్తోళ్ల సంగతి తెల్వదా?"

ఎంత బతిమాలినా శాంతయ్య మెత్తబడలేదు. పావనీ తక్కువ తినలేదు. అసలు తిననే తిననని గడపలో బైఠాయించింది. మధ్యాహ్నం పోయి సాయంత్రం వచ్చింది. వాడకట్టు వాళ్లు తలా ఒక మాట అనసాగారు. చివరికి శాంతయ్య కలానికి మూత పెట్టాడు.

"సరే. తొమ్మిదింటికి మొదలువెట్టి పదకొండుకు ఖతం చెయ్యాలె. ఒక్క నిమిషం దాటినా ఊకోను."

ఇరవై రెండున స్టేడియం కిటకిటలాడింది. కట్టినప్పటి నుంచి ఏ మ్యాచ్‌కూ పట్టుమని పది మంది రాలేదు. ఈరోజు పట్టుబట్టల్లో ఎనిమిది వందల మంది! మగపెళ్లివారు వనపర్తికి, ఆడపెళ్లివారు గద్వాలకు ఈలలు వేశారు. పాస్టర్ యోహాను బైబిల్ చంకలో పెట్టుకొని స్కోరు లెక్కపెడుతున్నాడు.

మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. పదకొండు దాటింది. పదకొండున్నరా దాటింది. శాంతయ్య గోల్ వెనక గాజు గోడను గుద్దుతూ గడియారం చూపిస్తున్నాడు. పావని వెనక్కి తిరగలేదు.

గద్వాల రెండు, వనపర్తి ఒకటి. ఆఖరి అర నిమిషంలో వనపర్తికి పెనాల్టీ దొరికింది. నల్లటి రబ్బరు బిళ్ల దూసుకొచ్చింది. పావని అడ్డం పడింది. బిళ్ల ఆమె చేతికింద ఆగిపోయింది.

హాలు దద్దరిల్లింది. వనపర్తి వాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు. శాంతయ్య కొత్త చెప్పులతోనే మంచు మీద జారుతూ, పడుతూ వచ్చి గోల్‌కీపర్‌ను లేవదీశాడు.

"ఇగనన్న గా హెల్మెట్ తీసి పెండ్లిచీర కట్టుకో బిడ్డా, పెండ్లికొడుకు సలికి వణుకుతుండు."