అడ్డగీత సున్న

నెలల పిల్లగ నార్వేకు దత్తత పోయిన కరుణమ్మ బిడ్డ ఇరవై ఆరేండ్లకు దొరికింది. ఆమె పంపిన ఫోటోకు ఆ పిల్ల ఒక్కటే జవాబు రాసింది: "మా అమ్మ చనిపోయిందని నా కాగితాల్లో ఉంది. ఇంకోసారి రాయకండి."

మెదక్‌ల జయానందం సార్ టైపు సెంటర్‌కు కరుణమ్మ నాలుగు దినాల సంది వస్తున్నది. "నేను సచ్చిపోలే" అన్న ఒక్క మాట నార్వే భాషల కొట్టుడు నేర్చుకుంటున్నది. అండ్ల అడ్డగీత కొట్టిన సున్న అసొంటి అక్షరం ఉంటది. అది కీబోర్డు మీద ఏడున్నదో ఇయ్యాల గూడ యాదికొస్తలేదు.

"జరుగమ్మా, నేను కొడ్త," అన్నడు సార్.

"వద్దు సార్. ఆనాడు అనాథాశ్రమంల క్లర్కుగ కూసొని, నా బిడ్డ కాగితాలల్ల నేను సచ్చిపోయిన్నని కొట్టింది మీరే గదా. ఆ అక్షరం ఏడున్నదో చూపెట్టుండ్రి, చాలు."