సాంబ్రాణి పొగ

ఇంట్లో చేరిన వరదనీళ్ళు దిగి నాలుగు రోజులైనా, వీధిలో ఇంకా నడుంలోతు ఉన్నాయి. ఊళ్ళో అన్ని ఇళ్ళలాగే ఆ ఇల్లు కూడా మాట్లాడుతుంది. నల్ల బూజు పట్టిన రెండు గదులకూ అదే తాళాలు వేసుకుంది. నూకరత్నం, కోడలు హేమలత, ఇరవై రోజుల పసివాడు హాల్లో మిగిలారు.

"సాయంత్రానికి గోడలు ఆరతాయి. అంతవరకు హాల్లోనే ఉండండి" అంది ఇల్లు.

పొద్దుటినుంచి పిల్లాడు దగ్గుతున్నాడు. నూకరత్నం ఉండబట్టలేక అటక మీది బొగ్గులు తీసి, మూకుడులో రాజేసి, సాంబ్రాణి చల్లింది.

"అత్తయ్యా, ఇల్లు ఊరుకోదేమో" అంది హేమలత భయంగా.

"పొగ వెయ్యకపోతే పడిశం ఎలా తగ్గుద్దే? నీ మొగుణ్ణి ఈ పొగతోనే పెంచాను."

పొగ పైకి లేచిందో లేదో, "నిప్పు!" అంది ఇల్లు. పైకప్పు నుంచి నీళ్ళు కుమ్మరించింది. హేమలత బిడ్డ మీదికి వంగిపోయింది. పక్కబట్టలు, పొత్తిగుడ్డలు, గోడలు అన్నీ తడిశాకే నీళ్ళు ఆగాయి.

"నిప్పు ఆరింది. మీరు క్షేమం. గోడలు ఆరడానికి ఇంకా నాలుగు రోజులు."

పిల్లాడు మళ్ళీ దగ్గాడు.

"దగ్గు వినబడింది. బిడ్డను తడికి దూరంగా, పొడిచోట ఉంచండి."

నూకరత్నం మనవణ్ణి రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. ఆమె మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎక్కడుంచమంటావే, ముదనష్టపుదానా? నువ్వే చెప్పు!"

ఇల్లు వెతికింది. చాలాసేపు వెతికింది.

"అలాంటి చోటు ఈ ఇంట్లో లేదు" అంది.